సారె ఉంది, వాటా లేదు

ఆడపిల్లకి రెండిళ్ళు అంటారు మనవాళ్ళు. అనడం వరకే! మూడు ముళ్ళూ పడగానే ఆ పిల్ల గోత్రం మారిపోతుంది, ఇంటిపేరు మారిపోతుంది. గుళ్ళో అర్చన చేయించుకుందామని వెళ్ళి "రెండు గోత్రాలూ చెప్పుకుంటానండీ పంతులుగారూ" అంటే ఆయన ఒప్పుకుంటాడా? మెట్టినింటి గోత్రమే చెప్పాలి. పుట్టింటికి రావచ్చు, పోవచ్చు, పండగకి చీరె సారె అందుకోవచ్చు. కాని ఆ ఇంటి వ్యవహారాల్లో నోరెత్తితే "నీకెందుకమ్మా, నువ్వు పరాయింటి పిల్లవి" అంటారు.

దేశాలకీ ఈ బుద్ధి ఉంది. అందులోనూ మన దేశానికి కాస్త ఎక్కువే. మన అమ్మాయో అబ్బాయో తనంతట తాను కోరి అమెరికా పౌరసత్వమో ఆస్ట్రేలియా పౌరసత్వమో పుచ్చుకున్న మరుక్షణం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ నోటీసు ఇవ్వక్కర్లేదు, ఎవరూ రద్దు చెయ్యక్కర్లేదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ చెప్పే మాట అది. పాత పాస్‌పోర్టు తీసుకెళ్ళి అప్పగించాలి. అలా 2011లో పౌరసత్వం వదులుకున్నవాళ్ళు 1,22,819 మంది. 2022కి ఆ సంఖ్య 2,25,620 అయింది.

ఒక మనిషికి ఒకే దేశం అన్న ఈ పట్టుదల ఎక్కణ్ణించి వచ్చింది? తెలుసుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. తార్నాకాలో బస్సు దిగి ఉస్మానియా క్యాంపస్‌లోకి నాలుగడుగులు వేస్తే చాలు, సగం కథ అక్కడే దొరుకుతుంది.

అసలు తార్నాకా అన్న పేరే చూడండి. తార్ అంటే తీగె, నాకా అంటే తనిఖీ చౌకీ. నిజాం కాలంలో ఇక్కడ తీగెల కంచె, దాని పక్కన ఒక చౌకీ ఉండేవనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ చెప్తారు. కంచె పోయింది, చౌకీ పోయింది, పేరు మిగిలింది. లోపలివాడెవడు, బయటివాడెవడు అన్న ప్రశ్న మాత్రం ఈ చుట్టుపక్కల చాలాకాలం నిలిచే ఉంది.

హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది, సొంత తపాలా ఉండేది. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనేవాళ్ళు, నిజాం రూపాయిని హాలీ సిక్కా అనేవాళ్ళు. బెజవాడ నించి కోడలొస్తే ఆమె కొంగున కట్టుకొచ్చిన డబ్బు కూడా మార్చుకోవాలన్న మాట! అలాగే సంస్థానానికి సొంత మనుషులుండేవారు. వాళ్ళు ముల్కీలు. ముల్క్ అంటే దేశం. పైనించి వచ్చినవాళ్ళు గైర్ ముల్కీలు. ఉద్యోగాలన్నీ పైవాళ్ళే తన్నుకుపోతున్నారన్న గోల ఎక్కువై, 1919లో నిజాం ఫర్మానా ద్వారా ముల్కీ నిబంధనలు వచ్చాయి. ఉస్మానియా యూనివర్సిటీ పెట్టిన మరుసటి ఏడే ఇదీ జరిగింది. చదువు చెప్పించి మన పిల్లల్ని తయారుచేసుకుందాం, ఉద్యోగాలు మన పిల్లలకే ఇద్దాం అని ఆనాటి ఆలోచన.

ఆ నిబంధనల్లో రెండు విషయాలు చూస్తే ఇప్పటి సంగతులన్నీ అర్థమవుతాయి. బయటివాడు ముల్కీ కావాలంటే సంస్థానంలో 15 ఏళ్ళు స్థిరంగా ఉండాలి. అంతే అయితే ఫరవాలేదు. పాత ఊరికి తిరిగి వెళ్ళే ఆలోచన వదులుకున్నానని ప్రమాణపత్రం కూడా ఉండాలి. కాయితం మీద సంతకం సరే, ఆలోచన వదులుకోవడం ఎవరి చేతిలో ఉందండీ? రెండో సంగతి ఆడవాళ్ళది. ముల్కీకి భార్య అయిన ఆమె ముల్కీ. పదిహేనేళ్ళు ఉండక్కర్లేదు, ఎక్కడ పుట్టిందో అడగక్కర్లేదు. మగవాడు పదిహేనేళ్ళు కష్టపడి తెచ్చుకున్నది ఆడది మంగళసూత్రంతో తెచ్చుకునేదన్న మాట. వరమే అనుకోండి. కాని ఆ వరం ఆమెది కాదు, ఆయనది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1950 జనవరి 26 నించి హాలీ సిక్కా ఉన్నవాడూ కల్దారు ఉన్నవాడూ అందరూ భారత పౌరులే అయ్యారు. రాష్ట్రానికో పౌరసత్వం, దేశానికో పౌరసత్వం అన్న అమెరికా పద్ధతి మన రాజ్యాంగంలో లేదు. అందరికీ ఒకటే. అయినా ఉద్యోగాల విషయంలో ముల్కీ మాట ఓ పట్టాన చావలేదు. 1952లో విద్యార్థులు "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అని ఊరేగారు. 1969లో ఇదే ఉస్మానియా క్యాంపస్ ప్రత్యేక తెలంగాణా ఉద్యమానికి గుండెకాయ అయింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని చెప్పేసరికి అటు ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చి, ముల్కీ నిబంధనలు రద్దయి, వాటి స్థానంలో 'స్థానికులు' అన్న మాట వచ్చింది. ఇంత రభస ఒక రాష్ట్రం లోపల, ఒకే భాష మాట్లాడే మనుషుల మధ్య! ఇక దేశాల సంగతి చెప్పాలా?

ఢిల్లీ వాళ్ళు మొదటినించీ బిగుసుకు కూచోవడానికి పెద్ద కారణం దేశవిభజన. రాజ్యాంగం మొత్తం 1950లో అమల్లోకి వచ్చినా, పౌరసత్వం గురించిన 5 నించి 9 దాకా ఆర్టికల్స్ ముందే, 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చేశాయి. అంత తొందర దేనికంటే, అప్పటికి లక్షల మంది సరిహద్దుకి అటూ ఇటూ నడుస్తున్నారు. ఎవరు మనవాళ్ళో వెంటనే తేలాలి. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కి వలస వెళ్ళినవాళ్ళు మన పౌరులు కారన్నారు, తిరిగొచ్చి స్థిరపడతామని పర్మిట్ తెచ్చుకున్నవాళ్ళు తప్ప. కోరి మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్నవాళ్ళు మన పౌరులు కారని 9వ ఆర్టికల్ చెప్పింది. హైదరాబాదు నించీ ఎన్నో కుటుంబాలు వెళ్ళాయి. కరాచీలో హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఉంది. అన్న అక్కడ, చెల్లెలు ఇక్కడ. ఒక పెళ్ళికో చావుకో ఒకళ్ళింటికొకళ్ళు రావాలంటే వీసా. ఆ రోజుల్లో రెండు దేశాలూ నావే అన్నవాణ్ణి ఏ దేశమూ నమ్మే స్థితిలో లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నారు. చట్టంలో అదే నిలిచిపోయింది.

ఇది మన ఒక్కళ్ళ మొండితనమనుకుంటే పొరపాటు. ఇప్పుడు మన పిల్లలు వరసలో నిలబడే అమెరికా, ఒకప్పుడు మనవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వలేదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ ఆయన కేసులో అక్కడి సుప్రీంకోర్టు, ఇండియా వాళ్ళు పౌరసత్వానికి పనికిరారని తీర్పు చెప్పింది. 1946 దాకా అదే చట్టం. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో, ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో ప్రపంచానికి పనికొచ్చే మందుల కోసం రాత్రింబవళ్ళు పరిశోధించినదంతా దాదాపు ఈ కాలంలోనే. ఆయన తయారుచేసిన మందు కావాలి కాని, ఆయన పౌరుడుగా అక్కర్లేదు! ఇంకో విచిత్రం వినండి. 1922లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, పౌరసత్వానికి పనికిరాని ఆసియావాణ్ణి పెళ్ళి చేసుకున్న అమెరికా స్త్రీ తన పౌరసత్వమే పోగొట్టుకునేది. 1931లో గాని ఆ మాట తీసెయ్యలేదు. ప్రేమించిన పాపానికి పుట్టిన దేశంలోనే పరాయిది అయిపోవడం! గోత్రం మారడమంటే ఇది.

1965లో అమెరికా వలస చట్టం మారి తలుపు తెరుచుకుంది. అంతకు ముందు ఏడే, 1964లో, ఉస్మానియా క్యాంపస్‌లో అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ వెలిసింది. ఆ పక్కనే తార్నాకా, హబ్సిగూడ దారిలో జాతీయ పోషకాహార సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, రసాయన సంస్థ, ఆ తర్వాత సీసీఎంబీ. ఇన్ని చదువుల మధ్య పెరిగిన పిల్లలు ఊరుకుంటారా? ఇంజనీర్లూ డాక్టర్లూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు బయల్దేరారు. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో. అంతవరకూ వీసా కావాలంటే మద్రాసు రైలెక్కడమే. చిలుకూరు బాలాజీకి వీసా బాలాజీ అన్న పేరు ఊరికే రాలేదు.

వెళ్ళినవాళ్ళు మొదట రెండేళ్ళన్నారు, తర్వాత ఐదేళ్ళన్నారు, ఆ తర్వాత పిల్లల చదువన్నారు. ఒకరోజు చెయ్యెత్తి ప్రమాణం చేశారు. ఆ అమెరికా ప్రమాణంలోనూ పాత దేశం పట్ల ఉన్న విధేయతని పూర్తిగా వదులుకుంటున్నానన్న మాట ఉంది. 1919 నాటి ముల్కీ ప్రమాణపత్రానికీ దీనికీ ఎంత దగ్గర పోలికో చూడండి! కాని అక్కడొక తేడా ఉంది. ప్రమాణం చేయించుకున్నాక ఆ పాత పౌరసత్వం నిజంగా వదిలారా లేదా అని అమెరికా పట్టి పట్టి చూడదు. పట్టేది మనమే.

మరి పట్టే దేశమే పిలవడం కూడా మొదలుపెట్టింది. 1999లో భారతీయ సంతతి వారికి పీఐఓ కార్డు పెట్టారు. ఖరీదు వెయ్యి డాలర్లు. పుట్టింటికి రావడానికి వెయ్యి డాలర్లేమిటని చాలామంది ముఖం తిప్పుకున్నారు. 2003లో 16 దేశాల్లో ఉన్నవాళ్ళకి విదేశీ భారత పౌరసత్వం ఇస్తామన్నారు. 2005లో ఆ చట్టాన్ని సవరించి, పాకిస్తాన్, బంగ్లాదేశ్ తప్ప మిగతా దేశాలన్నిటికీ వర్తింపజేశారు. అదే ఓసీఐ కార్డు. దాన్ని ప్రారంభించిందెక్కడో తెలుసా? మన హైదరాబాదులోనే! 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ముల్కీ, గైర్ ముల్కీ అని కొట్టుకున్న ఊరే, వెళ్ళిపోయినవాళ్ళకి సారె పెట్టడానికి వేదిక అయింది.

'పౌరసత్వం' అన్న మాట పేరులో ఉంది గదా అని, రెండు పౌరసత్వాలు ఇచ్చేశారని చాలామంది సంబరపడ్డారు. ఇప్పటికీ అలా అనుకునేవాళ్ళున్నారు. ఇది జంట పౌరసత్వం కాదు సుమా! జీవితాంతం వీసా అక్కర్లేకుండా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు లేదు. ఎన్నికల్లో నిలబడకూడదు. మామూలుగా ప్రభుత్వోద్యోగం రాదు. సాగుభూమి కొనకూడదు. పూర్వం ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసిచ్చేవారు. ఈ కార్డు పెట్టి ఆ అరెకరం కూడా కొనుక్కోవడానికి లేదు. 2021లో మరో కట్టు కట్టారు. కార్డున్నవాళ్ళు ఇక్కడ పరిశోధన చెయ్యాలన్నా ప్రత్యేకానుమతి ఉండాలి. ఉస్మానియాలో చదివి వెళ్ళిన ప్రొఫెసరు రేపు అదే క్యాంపస్‌లో కూచుని పరిశోధన చెయ్యాలంటే అర్జీ పెట్టుకోవాలన్న మాట.

ఇక్కడొక తమాషా పోలిక ఉంది. 1985లో ఎన్.టి.రామారావుగారి ప్రభుత్వం, పుట్టుకతోనే కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో వాటా ఉందని చట్టం తెచ్చింది. ఆ పద్ధతి తెచ్చిన మొదటి రాష్ట్రం మనది. అయితే అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళకి లేదన్నారు. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005 సెప్టెంబరులో. పెళ్ళయినా కూతురు కూతురే, వాటా వాటాయే అన్నారు. సరిగ్గా ఆ సంవత్సరమే, అదే పార్లమెంటు, దేశం దాటిన పిల్లలకి మాత్రం సారె పెట్టి వాటా లేదంది!

వాటా అడిగితే ఏమవుతుందో మన వేములవాడ కేసు చెప్తుంది. జర్మనీలో ప్రొఫెసరుగా పనిచేసి, అక్కడి పౌరసత్వం తీసుకున్న చెన్నమనేని రమేష్‌గారు తిరిగి వచ్చి, 2009లో భారత పౌరసత్వం పొంది, ఆ ఏడే ఎమ్మెల్యేగా ఎన్నికయ్యారు. దరఖాస్తుకి ముందు ఏడాది పాటు దేశంలోనే ఉండాలన్న నియమం పాటించలేదని ప్రత్యర్థి ఫిర్యాదు. కోర్టులూ హోం శాఖా చుట్టూ పదిహేనేళ్ళు తిరిగింది ఆ వ్యవహారం. మధ్యలో మరిన్ని ఎన్నికలు నెగ్గారు కూడా. చివరికి 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనంది. విచిత్రమేమిటంటే, ఆ ఏడు జూన్‌లోనే జర్మనీ తన చట్టం మార్చుకుని, రెండు పౌరసత్వాలు ఉంటే మాకేం అభ్యంతరం లేదంది. అయినా మన 9వ సెక్షన్ మన దగ్గరే ఉంది.

పోనీ, వాటా లేకపోతే పోయె, సారె ఉంది గదా అనుకుందాం. సారె ఎంత గట్టిదో 2020లో తెలిసింది. కరోనా వచ్చిన మార్చి 13 నించి ఓసీఐ కార్డు మీద వీసా లేకుండా రావడాన్ని ఆపేశారు. మే 7 నించి వందే భారత్ విమానాలు బయల్దేరాయి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఎక్కవచ్చు. తల్లిదండ్రులిద్దరికీ భారత పాస్‌పోర్టే, ఒళ్ళో బిడ్డకి మాత్రం అమెరికా పాస్‌పోర్టు. అలాంటి కుటుంబాలు విమానం ఎక్కలేక నిలిచిపోయాయి. బిడ్డని వదిలి ఏ తల్లి ఎక్కుతుంది? అయినవాళ్ళు పోతే ఆఖరిచూపుకి రావడానికి కూడా వీల్లేకపోయింది. మే 22న చంటిపిల్లలకీ, ఇంట్లో ఆపద వచ్చినవాళ్ళకీ, మరికొందరికీ సడలింపు ఇచ్చారు. అక్టోబరు దాకా అందరికీ తలుపు తెరవలేదు. జీవితాంతం అన్న మాట కార్డు మీద ఉంది. అది ఇచ్చినవాళ్ళు అవసరమొస్తే ఆపగలరు. పౌరుణ్ణి మాత్రం తన దేశంలోకి రావద్దనే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు. రెంటికీ తేడా అదీ.

అమ్మమ్మలకీ నాయనమ్మలకీ పనికొచ్చే రెండు ముక్కలు చెప్తాను. అమెరికాలో పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అక్కడి పౌరురాలు. ఆ పిల్ల 'కోరి' తీసుకున్నది కాదు గనక, కన్నవాళ్ళు భారత పౌరులైతే ఏడాదిలోగా మన కాన్సులేట్‌లో నమోదు చేయించి మన పౌరసత్వమూ ఉంచుకోవచ్చు. పద్దెనిమిది నిండిన ఆరు నెలల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. కాని నమోదు చేసేటప్పుడు బిడ్డకి మరో దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. చాలామంది ముందుగా ఆ పాస్‌పోర్టు తీసేసుకుంటారు, అక్కడితో ఆ దారి మూసుకుపోతుంది. రెండోది, విదేశీ కోడలి సంగతి. మన అబ్బాయిని చేసుకుని రెండేళ్ళు నిండితే ఆమెకీ ఓసీఐ కార్డు వస్తుంది. విడాకులైతే పోతుంది. ముల్కీ భార్య ముల్కీ అన్న 1919 నాటి వరం, కాస్త వేషం మార్చుకుని ఇంకా తిరుగుతూనే ఉంది.

రెండు పౌరసత్వాలు ఇవ్వాలా వద్దా అంటే, వద్దనేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. ఇక్కడి కష్టసుఖాలు పంచుకోనివాడు డాలర్లు పెట్టుకుని వచ్చి ఇక్కడి ప్రభుత్వాన్ని ఎన్నుకోవడం న్యాయమా అంటారు. నిజమే. ఆడపిల్లకి వాటా ఇవ్వద్దన్నప్పుడూ ఇలాగే అన్నారు, రేపు అల్లుడొచ్చి గట్టు తెగ్గొడతాడని. కొన్నిచోట్ల తెగ్గొట్టాడు కూడా! అయినా కూతురు వాటాదారయింది, కుటుంబాలు నిలిచే ఉన్నాయి. వాటా తీసుకున్న కూతురు ముసలి తల్లిదండ్రుల బాధ్యతా తీసుకోవాలని మన పెద్దలు అంటారు. ఇక్కడా అదే అడగవచ్చు.

చట్టం మారేదాకా పిల్లలు అడిగే ప్రశ్న మనదాకా వస్తూనే ఉంటుంది. తార్నాకాలో, హబ్సిగూడలో, నాచారంలో రాత్రి తొమ్మిదింటికి ఫోను మోగుతుంది. "అమ్మా, సిటిజన్‌షిప్‌కి అప్లై చెయ్యమంటావా?" అంటుంది అమ్మాయి. ఉద్యోగం నిలబడుతుంది, వీసా బెంగ ఉండదు, పిల్లలకి మంచిదని చెప్తుంది. ఆ తల్లి "చేసుకోమ్మా, నీకేది మంచిదైతే అది" అంటుంది. అంటూనే, నాన్నగారి పేర ఉన్న పొలం మాటేమిటి, ఓటరు కార్డు మాటేమిటి, తను మంచాన పడితే ఎంతసేపట్లో రాగలదు అని లోపల లెక్క వేసుకుంటుంది. ఆ లెక్క ఫోనులోనే, పిల్ల చెయ్యెత్తి ప్రమాణం చెయ్యక ముందే, ఇద్దరూ కలిసి పైకి వేసుకుంటే మంచిది. తర్వాత వేసుకుంటే మిగిలేది పాత పాస్‌పోర్టు మీద 'రద్దు' ముద్రే.